ఎవరి మంచం కింద పెట్టిన చెక్కముక్క ఇది?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నా ప్రసంగానికి నిర్వాహకులు పెట్టిన పేరు "పాత కోడ్‌ని శుభ్రం చేయడం". పేరు బాగానే ఉంది గానీ, శుభ్రం అనే మాట దగ్గర నాకు చిన్న పేచీ ఉంది. శుభ్రం అన్నామంటే అక్కడున్నది చెత్త అని ముందే తీర్పు ఇచ్చేసినట్టు. నేను మాట్లాడబోయేది చెత్త గురించి కాదు, కుంటి మంచం కాలి కింద పెట్టే చెక్కముక్క గురించి. ఆ ముక్కని ఎవరూ ఊరికే పెట్టలేదు. ఏదో రాత్రి మంచం ఊగుతుంటే నిద్ర పట్టక పెట్టారు. తర్వాత మంచం మారింది, నేల మారింది, ముక్క మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కొత్త మంచం ఊగుతోందంటే ఆ ముక్క వల్లేనేమో కూడా. పోనీ తీసేద్దామా అంటే, దాన్ని ఆనుకుని ఇంకేం నిలబడి ఉందో ఎవరికీ తెలియదు.

ముందు ఒక మాట చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను. లినక్స్ కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి, తను ఏ మెషిన్ మీద నడుస్తోందో ఎలా తెలుస్తుంది? యూఎస్‌బీ పరికరం గుచ్చితే తన పేరు తనే చెప్పుకుంటుంది. పీసీఐ కార్డూ అంతే. కానీ ఐ2సీ తీగ మీద వేలాడే టచ్‌ప్యాడ్ చిప్పుకి ఆ సదుపాయం లేదు. ఏ అడ్రెస్‌లో ఉంది, పని ఉందని కెర్నెల్‌ని పిలవడానికి ఏ ఇంటరప్ట్ లైన్ వాడుతుంది, ఇవన్నీ దాని తరఫున ఇంకొకరు చెప్పాలి. పీసీల్లో, ల్యాప్‌టాపుల్లో ఆ పని ఏసీపీఐ టేబుల్స్ చేస్తాయి. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి మొదటి వెర్షన్ విడుదల చేశాయి. ఆర్మ్, పవర్‌పీసీ బోర్డుల మీద ఎక్కువగా డివైస్ ట్రీ చేస్తుంది. దాని పుట్టిల్లు ఓపెన్ ఫర్మ్‌వేర్, 1994 నాటి ఐఈఈఈ 1275 ప్రమాణం. రెండిట్లో ఏదైనా సరే, రాసేది మనుషులే. వాళ్లు రాసి, ఒక ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అయితే చాలు, బాక్స్ మూసి పంపించేస్తారు. వాళ్లని తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్ల చేతిలో ఉన్న టెస్టు అదొక్కటే.

ఆ వర్ణనలో తప్పుంటే? ఫర్మ్‌వేర్‌ని, అంటే బోర్డులోనే రాసి ఉన్న సాఫ్ట్‌వేర్‌ని, అప్‌డేట్ చేసే దిక్కు చాలాసార్లు ఉండదు. యూజర్ మెషిన్ నడవాలి. కాబట్టి కెర్నెల్‌లో ఒక అతుకు వేస్తాం. దాన్నే క్విర్క్ అంటాం, ఫిక్సప్ అంటాం, వర్క్‌అరౌండ్ అంటాం. లినక్స్‌లో పీసీఐ క్విర్కుల ఫైలు ఒక్కదాన్నే తెరిచి చూడండి, వేల లైన్లు ఉంటుంది. డీఎంఐ పట్టికల్లో, అంటే తయారీదారు, మోడల్ పేర్లు ఫర్మ్‌వేర్ రాసిపెట్టే చోట, మెషిన్ పేరు చూసి గుర్తుపట్టే అతుకులు ఇంకో రకం. అందులో మరో తమాషా. తయారీదారు పేరు ఉండాల్సిన చోట "ఇది ఓఈఎం నింపాలి" అనే వాక్యం అలాగే వదిలేసిన మదర్‌బోర్డులు మీలో చాలామంది చూసే ఉంటారు. (నవ్వులు) ఆ పేరుతో క్విర్క్ రాస్తే ప్రపంచంలో సగం డెస్క్‌టాపులకి తగులుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణని దగ్గర నుంచి చూద్దాం. రాతబోర్డు మీద నాలుగు అంకెలున్నాయి చూడండి. డివైస్ ట్రీలో ఒక పరికరం తన అడ్రెస్ చెప్పే చోట ఇలా ఉందనుకుందాం: 0, 10000000, 0, 1000. అన్నీ హెక్స్, అంటే పదహారు మీద లెక్క, ఒక్కోటి 32 బిట్లు, ఒక్కోదాన్ని సెల్ అంటాం. దీని అర్థం ఏంటి?

తెలియదు. నిజంగానే తెలియదు. దాని తల్లి నోడ్‌లో, అంటే ట్రీలో దానికి పైనున్న కొమ్మలో, అడ్రెస్-సెల్స్, సైజ్-సెల్స్ అని రెండు సంఖ్యలుంటాయి. అడ్రెస్‌కి ఎన్ని సెల్స్, సైజుకి ఎన్ని సెల్స్ అని. రెండూ 2 అయితే, మొదటి రెండు సెల్స్ కలిపి అడ్రెస్, తర్వాతి రెండు కలిపి సైజు. అంటే ఫలానా అడ్రెస్ దగ్గర 4 కేబీ రిజిస్టర్లు. చక్కగా ఉంది. రెండూ 1 అయితే? అవే అంకెలు రెండు ముక్కలవుతాయి. మొదటిది సున్నా దగ్గర మొదలై 256 ఎంబీ పొడవు. రెండోది మళ్లీ సున్నా దగ్గరే, 4 కేబీ. అంకె ఒక్కటీ మారలేదు, పరికరం మాత్రం ర్యామ్ మీదికొచ్చి కూర్చుంది.

సరే, ఆ రెండు సంఖ్యలు రాయడం మర్చిపోతే ఏం చేయాలి? డివైస్ ట్రీ ప్రమాణం ప్రకారం ఇవి పై నోడ్ల నుంచి వారసత్వంగా రావు. లేకపోతే అడ్రెస్‌కి 2, సైజుకి 1 అనుకోవాలి. లినక్స్ ఏం చేస్తూ వచ్చింది? తల్లిలో లేకపోతే అమ్మమ్మని అడిగింది, అక్కడా లేకపోతే ఇంకా పైకి వెళ్లింది, చివరికి ట్రీ వేరు (రూట్) దాకా వెళ్లి ఏమీ దొరక్కపోతే 1, 1 అనుకుంది. స్పార్క్ అనే ప్రాసెసర్ల మీద మాత్రం 2, 1. అంటే వారసత్వం లేదన్నచోట వారసత్వం, 2 అన్నచోట 1. ఎందుకిలా? ఓపెన్ ఫర్మ్‌వేర్ కాలం నాటి అసలు మెషిన్లలో ట్రీ అలా ఉండేది కాబట్టి. ఆ మెషిన్ల కోసం పెట్టిన సర్దుబాటు అందరికీ రూల్ అయిపోయింది.

డివైస్ ట్రీ కంపైలర్ దీని గురించి ఎప్పుడో చెప్పింది. వేరు నోడ్‌లో ఈ సంఖ్యలు లేకపోతే 2005 నుంచి, మిగతా తల్లి నోడ్లలో లేకపోతే 2007 నుంచి వార్నింగ్ ఇస్తూనే ఉంది. అయినా కెర్నెల్ సర్దుకుపోతుంటే వార్నింగ్ ఎవరు చదువుతారు? మనందరికీ తెలిసిన జబ్బే కదా.

2024 చివర్లో కెర్నెల్ వైపు నుంచి అడుగు పడింది. చూడాల్సింది ఆ అడుగు ఎలా పడిందన్నది. ఫాల్‌బ్యాక్‌ని, అంటే పైకి వెళ్లి అడిగి చివరికి 1 అనుకునే ఆ దారిని, తీసేయలేదు. ఫాల్‌బ్యాక్ దారిలోకి ఎవరైనా వస్తే లాగ్‌లో పెద్దగా అరిచేలా చేశారు. అరిచిన కొన్నాళ్లకే ఎవరు బయటపడ్డారో ఊహించండి. ఆపిల్ వాళ్ల పాత పవర్‌మ్యాక్ కంప్యూటర్లు! సీరియల్ పోర్టుల కంట్రోలర్ నోడ్‌లో సైజ్-సెల్స్ లేదు. ఒక పవర్‌బుక్‌లోనూ ఇదే లోటు. ఆ మెషిన్లకి వాటి తయారీదారు ఇక కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వడు. కాబట్టి పవర్‌పీసీ బూట్ కోడ్‌లో, కెర్నెల్ మిగతా భాగం ట్రీని చదవకముందే, ఆ నోడ్‌ని గుర్తుపట్టి లేని సంఖ్యని అక్కడ రాసేలా ఫిక్సప్ పెట్టారు.

నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క విషయమే, దీన్ని కాసేపు పట్టుకుని ఉందాం. ఇక్కడ మొత్తం కోడ్ తగ్గిందా? లేదు, కొన్ని లైన్లు పెరిగాయి కూడా. వర్క్‌అరౌండ్ పోయిందా? పోలేదు, ఇల్లు మారింది. అందరూ నడిచే దారిలోంచి లేచి, దాని అవసరం ఎవరికుందో వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు కొత్త బోర్డు తయారుచేసేవాడు ఆ సంఖ్యలు మర్చిపోతే కెర్నెల్ నోరు మూసుకుని సర్దుకోదు, అరుస్తుంది. అతను బోర్డు అమ్మకముందే దిద్దుకుంటాడు. వర్క్‌అరౌండ్‌ని తీయడం అంటే నా లెక్కలో ఎక్కువసార్లు ఇదే. డిలీట్ బటన్‌తో అయ్యే పని కాదు, చిరునామా వెతికిపెట్టే పని.

ఒక చిన్న హెచ్చరిక. ఆ అరుపు కోసం కెర్నెల్‌లో వార్న్ అనే మాక్రో వాడతారు. వార్నింగ్ వస్తే వెంటనే ప్యానిక్ అయ్యేలా సెట్ చేసుకున్న సిస్టమ్‌లు ఉన్నాయి. వాళ్లకి మీ అరుపు అరుపు కాదు, మెషిన్ చావు. ఎక్కడ అరవాలో, ఎక్కడ ఊరికే లాగ్‌లో ఒక లైన్ రాసి ఊరుకోవాలో ఆలోచించుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. ఇష్టమంటే, నిద్ర పాడుచేసేంత ఇష్టం. పీసీల్లో బయోస్‌ని, అంటే పీసీ ఫర్మ్‌వేర్‌ని, ఒక పాత కాల్‌తో అడిగితే ఏ మెమరీ వాడుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని పట్టిక ఇస్తుంది. ఆ కాల్ చేసేటప్పుడు రిజిస్టర్‌లో పెట్టే విలువ హెక్స్‌లో ఈ820, పట్టికకీ అదే పేరు స్థిరపడిపోయింది. ఇది ఒక వర్ణన. ఏసీపీఐలో ఇంకొకటి ఉంది: పీసీఐ హోస్ట్ బ్రిడ్జ్ తన గుండా ఏ అడ్రెస్‌లు వెళ్తాయో చెప్పే సీఆర్‌ఎస్ అనే మెథడ్. ఆ కిటికీల్లోంచే పరికరాలకి అడ్రెస్‌లు పంచాలి.

పాత బయోస్‌లు సీఆర్‌ఎస్‌లో ఏది పడితే అది రాసేవి, కాబట్టి లినక్స్ దాన్ని నమ్మేది కాదు. 2010లో ఒక గీత గీశారు: బయోస్ తేదీ 2008 లేదా ఆ తర్వాతదైతే నమ్ముదాం. వెంటనే కొత్త తలనొప్పి. కొన్ని మెషిన్లలో సీఆర్‌ఎస్ "ఈ కిటికీ నీదే" అంటుంది, అందులో ఒక మూలని ఈ820 "ముట్టుకోవద్దు" అంటుంది. ముట్టుకోవద్దన్న మూలలో పరికరాన్ని పెడితే అది పనిచేయలేదు. సరే అని అదే ఏడాది ఒక అతుకు వేశారు: ఈ820 రిజర్వ్ చేసిన భాగాలన్నీ కిటికీలోంచి కత్తిరించేయాలి. కారణం కొన్ని మెషిన్లు. రూల్ మాత్రం అన్ని పీసీలకీ.

పన్నెండేళ్లు అలా గడిచిపోయాయి. ఈలోగా పాత బయోస్ పోయి యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా ఫర్మ్‌వేర్ వచ్చింది. దాని మెమరీ మ్యాప్‌లో మెమరీ మ్యాప్డ్ ఐఓ అని ఒక రకం ఉంటుంది. దాని అర్థం "నా రన్‌టైమ్ సేవలకి ఈ ప్రాంతం కావాలి, మ్యాప్ చేసి ఉంచు" అని. "నువ్వు వాడకు" అని కాదు. కానీ ఆ మ్యాప్‌ని ఈ820 రూపంలోకి మార్చేటప్పుడు ఆ రకానికి పడే ముద్ర ఏంటంటే, రిజర్వ్డ్. కొన్ని ల్యాప్‌టాపుల ఫర్మ్‌వేర్ పీసీఐ కిటికీ మొత్తాన్నీ ఆ రకం కింద చూపించింది. మన పాత అతుకు శ్రద్ధగా తన పని తను చేసింది. కిటికీలోంచి కిటికీ మొత్తం కత్తిరించేసింది. (నవ్వులు) బయోస్ అడ్రెస్ ఇవ్వకుండా వదిలేసిన ఐ2సీ కంట్రోలర్‌కి ఇవ్వడానికి జాగా మిగల్లేదు, దాని మీదున్న టచ్‌ప్యాడ్ పనిచేయలేదు. ప్రొడక్ట్ వెర్షన్‌లో ఐఐఎల్ అనే అక్షరాలున్న లెనోవో మోడల్స్ చాలావాటికి ఇదే గతి. యూజర్ ఏమనుకుంటాడు? లినక్స్‌కి టచ్‌ప్యాడ్ డ్రైవర్ లేదనుకుంటాడు. డ్రైవర్ బంగారంలా ఉంది. తప్పు డ్రైవర్‌ది కాదు, నన్నడిగితే ఈ కేసులో ఫర్మ్‌వేర్‌దీ కాదు. పన్నెండేళ్ల కిందటి చెక్కముక్కది.

తీసేయొచ్చు కదా? తీసేస్తే 2010 నాటి మెషిన్లు కూలతాయి. అందుకని 2022లో మళ్లీ తేదీ గీత: బయోస్ 2023దో ఆ తర్వాతదో అయితే కత్తిరించొద్దు. పాతవాటిలో దెబ్బతిన్న మోడల్స్‌ని పేరుపేరునా కెర్నెల్‌లోని డీఎంఐ క్విర్కుల జాబితాలో రాశారు. ఈ తేదీ గీతలంటే నాకు మోజు లేదు. పాత మెషిన్‌కి ఎవరైనా కొత్త బయోస్ వేస్తే తేదీ మారుతుంది, మెషిన్ అదే. హార్డ్‌వేర్ ఏమీ మారకుండా కెర్నెల్ ప్రవర్తన మారిపోతుంది. అయినా ఇంతకన్నా మంచి దారి ఆ రోజు ఎవరికీ కనబడలేదు, నాకూ కనబడేది కాదు.

తర్వాత మూలానికి వెళ్లారు. ఆ యూఈఎఫ్ఐ రకం ఎంట్రీలు అసలు ఈ820లోకి రాకూడదు కదా, వాటినే తీసేద్దాం అన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త గమనించండి: 256 కేబీ, అంతకన్నా పెద్ద ఎంట్రీలనే తీశారు. చిన్నవి ఉంచారు. నిజంగానే ముట్టుకోకూడని చిన్న మూలలని దాచే ఎంట్రీలు ఆ సైజులోనే ఉంటాయని. ఇంత జాగ్రత్తపడ్డాక ఏమైంది? వారాల్లోనే వేరే చోట విరిగింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో పరికరానికీ కాన్ఫిగరేషన్ స్పేస్ 256 బైట్ల నుంచి 4096 బైట్లకి పెరిగింది కదా, ఆ పెద్ద స్పేస్‌ని ఒక మెమరీ ప్రాంతం ద్వారా చేరుకోవాలి. ఆ ప్రాంతాన్ని ఫర్మ్‌వేర్ ఏసీపీఐలో రిజర్వ్ చేసి ఉంచాలని ప్రమాణం చెబుతుంది. కొన్ని ఫర్మ్‌వేర్‌లు చేయలేదు. కెర్నెల్ అప్పటిదాకా "ఈ820లో రిజర్వ్ అయి ఉందిగా, చాలు" అని నమ్మేది. ఇప్పుడు ఆ ఎంట్రీ తీసేశాం. కెర్నెల్ ఆ ప్రాంతాన్ని నమ్మడం మానేసింది, 256 బైట్లు దాటిన భాగమంతా కనపడకుండా పోయింది, దాని మీద ఆధారపడ్డ డ్రైవర్లు మూలపడ్డాయి. 2023 జనవరిలో దాన్ని సరిచేశారు. ఈ820 బదులు నేరుగా యూఈఎఫ్ఐ మ్యాప్‌లో చూసి నమ్మేలా మార్చారు.

నేను మొదట్లో అన్న మాట ఇదే: ముక్కని ఆనుకుని ఇంకేం నిలబడిందో తెలియదు. అది మనకి కాకతాళీయంగా మేలు కూడా చేస్తుంటుంది. ఆ మేలు ఏ కామెంట్‌లోనూ రాసి ఉండదు.

ఓఎస్ఐ గురించి అర నిమిషం. ఏసీపీఐలో ఫర్మ్‌వేర్ "నువ్వు ఫలానా ఓఎస్‌వేనా?" అని ఓఎస్‌ని అడగొచ్చు, ఆ ప్రశ్న పేరే ఓఎస్ఐ. లినక్స్ ఒకప్పుడు "నేను లినక్స్‌ని" అని నిజం చెప్పేది. ఫర్మ్‌వేర్‌లో ఆ దారి ఎవరూ టెస్ట్ చేసేవారు కాదు, ఒక చోట రాసింది ఇంకో చోటికి కాపీ అయ్యేది. 2007లో, 2.6.23 నుంచి, నిజం చెప్పడం మానేసింది. ఇప్పుడు విండోస్ వెర్షన్ల పేర్లన్నిటికీ "అవును" అంటుంది, లినక్స్ అంటే మాత్రం "కాదు" అంటుంది. ఈ అతుకుని తీసే ఆలోచన ఎవరికీ లేదు, నాకూ లేదు. కొన్ని అబద్ధాలు స్థిరపడిపోయాక అవే ప్రమాణం.

ఇక నా సొంత ఘనకార్యం. కొన్నేళ్ల కిందట ఒక ఈథర్‌నెట్ చిప్ డ్రైవర్‌ని "శుభ్రం" చేశాను. అందులో ఇంటరప్ట్ రకాన్ని డివైస్ ట్రీలోంచి తీసుకోకుండా, 'లెవెల్ లో' (లైన్ కింద ఉంటే ఇంటరప్ట్) అని నేరుగా రాసేశారు. కామెంట్ లేదు. ఇది ట్రీ చెప్పాల్సిన సంగతి, డ్రైవర్‌కెందుకు అనుకుని తీసేశాను. నా దగ్గరున్న మూడు బోర్డుల మీద నడిపాను, బ్రహ్మాండంగా ఉంది. ప్యాచ్ వెళ్లిపోయింది.

రెండు రిలీజుల తర్వాత ఒకాయన రాశాడు. బోర్డు బూట్ అవుతుంది, నెట్‌వర్క్ వస్తుంది, పింగ్ బాగుంటుంది, పెద్ద ఫైలు కాపీ చేయబోతే కాసేపటికి ఆగిపోతుంది. ఎర్రర్ లేదు. కేబుల్ తీసి పెట్టినా లేవదు. రెండు వారాలు డీఎంఏలో (చిప్ నేరుగా మెమరీలోకి రాసే దారి) వెతికాను, క్లాకుల్లో వెతికాను. చివరికి ఆయన ట్రీ పంపమంటే పంపాడు. అందులో ఇంటరప్ట్ రకం ఫాలింగ్ ఎడ్జ్ అని ఉంది.

ఏం జరిగేదో చూడండి. చిప్ పని ఉన్నంతసేపూ లైన్‌ని కిందే పట్టి ఉంచుతుంది. లెవెల్ అయితే, లైన్ కింద ఉన్నంతసేపూ ఇంటరప్ట్ వస్తూనే ఉంటుంది. ఎడ్జ్ అయితే పై నుంచి కిందికి పడిన క్షణం మాత్రమే లెక్క. మనం మొదటి ప్యాకెట్ తీస్తుండగా రెండోది వచ్చిందనుకోండి, లైన్ పైకి లేవదు. లేవకపోతే మళ్లీ పడదు. పడకపోతే ఇంటరప్ట్ లేదు. చిప్ లైన్ పట్టుకుని ఎదురుచూస్తుంటుంది, కెర్నెల్ లైన్ పడుతుందేమోనని ఎదురుచూస్తుంటుంది. పింగ్‌లో ప్యాకెట్లు దూరదూరంగా వస్తాయి కాబట్టి బయటపడదు.

ఆ ట్రీ మొదటిరోజు నుంచీ తప్పే. డ్రైవర్ దాన్ని చదవలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. వర్క్‌అరౌండ్ అని పేరు లేని వర్క్‌అరౌండ్ అది. రాసినవాడికైనా తెలుసో లేదో! ఆ ట్రీ ఫ్లాష్‌లో ఫర్మ్‌వేర్‌తో పాటు కాలిపోయి ఉంది, మార్చలేం. నా ప్యాచ్‌ని వెనక్కి తీసుకుంటే చిప్‌కీ సీపీయూకీ మధ్య సిగ్నల్‌ని తిరగేసే ఇన్వర్టర్ ఉన్న బోర్డులు మళ్లీ మూలపడతాయి. అవి లెవెల్ హై కావాలంటాయి, నా ప్యాచ్ వల్లే అవి మొదటిసారి నడిచాయి. కాబట్టి ట్రీలో ఆ ఒక్క బోర్డుని గుర్తుపట్టే కంపాటిబుల్ పేరు కనపడితేనే 'లెవెల్ లో' వాడేలా ఆరు లైన్లు రాశాను. డ్రైవర్ మామూలుగా ట్రీనే నమ్ముతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: "సార్, మీరు తీసేముందు ఎవరికి తగులుతుందో తెలుసుకునే మార్గం ఏంటి? మనదగ్గర అన్ని హార్డ్‌వేర్లూ ఉండవు కదా.")

ఉండవండీ. ఎవరి దగ్గరా ఉండవు. నేను చేసేది, ముందు, ఏ లైన్ ఏ మార్పుతో వచ్చిందో చూపించే గిట్ బ్లేమ్‌తో ఆ లైన్ పుట్టిన కమిట్ దాకా వెళ్లడం. దారిలో "ఇండెంటేషన్ మార్చాం", "ఫైలు జరిపాం" అనే కమిట్లు అడ్డొస్తాయి, వాటిని దాటి వెళ్లాలి. కమిట్‌లో మెషిన్ పేరుంటే అదృష్టం. లేకపోతే మొదట అరుపు పెట్టి, ఒక దీర్ఘకాల సపోర్ట్ రిలీజ్ దాటేదాకా ఆగుతాను. పాత మెషిన్లు వాడేవాళ్లు ప్రతి కెర్నెల్ వేయరు, రెండేళ్లకోసారి వేస్తారు. మూడు నెలలు ఎవరూ మాట్లాడలేదంటే ఎవరూ లేరని కాదు.

(సభలోంచి: "మరి ఆ ఆరు లైన్లు ఎప్పుడు తీస్తారు?")

వాటి మీద కామెంట్‌లో రాసిపెట్టాను. ఏ బోర్డు, దాని ట్రీలో ఏం తప్పు, తీసేస్తే ఏం కనపడుతుంది, అంటే పెద్ద ఫైలు కాపీ మధ్యలో ఆగుతుందని, ఎవరి దగ్గర టెస్ట్ చేయించుకోవచ్చు. పోయినేడు ఆయన్నే అడిగాను, ఇంకా వాడుతున్నారా అని. ఆ బోర్డులు నలభై ఉన్నాయట, అన్నీ నడుస్తున్నాయట. కొత్త కెర్నెల్ కూడా వేశాడట.